గాలెయ్య గొంతులో పల్నాటి వీరులు

పల్నాటి వీరుల కథ ఎవరిదంటే చదువుకున్నవాళ్లం ముందుగా శ్రీనాథుణ్ణే తలుస్తాం. ఆయన పేర నిలిచిన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించారు. ఆ కథలోని కారంపూడి యుద్ధమేమో 1182 ప్రాంతంలో జరిగింది. కావ్యానికి అవతలా ఇవతలా ఈ కథను మోసినవి దాన్ని పాడే వీరవిద్యావంతుల గొంతులే. తరతరాలుగా పాడిన ఆ మనుషుల పేర్లు మాత్రం మనం రాసిపెట్టుకోలేదు.

అందుకే వీరవిద్యావంతుడు అలిశెట్టి గాలెయ్య పేరు నాకంత విలువైనది. 1970లలో జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు పల్నాడు వచ్చి, ఆయన పాడిన కథను టేపుల మీద భద్రపరిచాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ ప్రెస్ ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో దాని ఇంగ్లీషు అనువాదం వేసింది. 1935లో యుగోస్లావియాలో పరిశోధకుడు మిల్మన్ ప్యారీ అక్కడి గాయకుడు అవ్దో మెజెదోవిచ్ పాటను రికార్డు చేశాక గ్రీకు కవి హోమర్‌ను చదివే తీరే మారిపోయింది. గాలెయ్య టేపులు మన వీరగాథలకు అంతటి ఆధారం.

దరువు మీద మాటను పరిగెత్తించడం, వంశం చెప్పుకోవడం, ఎదుటివాడికి సవాలు విసరడం... 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో మొదలైన హిప్‌హాప్‌ను ప్రేమించే మన కుర్రాళ్లకు ఇవన్నీ కారంపూడిలో పాడే ఈ కథలోనే దొరుకుతాయి. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ ఐదు రోజులూ కథ నడుస్తుంది. పాడే వీరవిద్యావంతులు మాలలు. కథలోని మంత్రి బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసూ మాలవాడే. కులభేదం లేకుండా అందరూ కలిసి తినే చాపకూడు ఘట్టాన్ని కవి వర్ణిస్తే అది కావ్యం. అందరితో ఒకే పంక్తిలో కూర్చున్న కన్నమదాసు గురించి ఆయన కులంవాడే గుడి ముందు నిలబడి పాడితే అది హక్కు. ఈ కథకు గుండెకాయ అక్కడుందని నా నమ్మకం.

సినిమా 1947లోనూ 1966లోనూ ఈ కథను తెరకెక్కించింది. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి ఊరూరా ఉర్రూతలూగించాడు. పండితలోకంలో మాత్రం గాలెయ్య పాఠమే దూరం వెళ్లింది. 1989 నాటి ‘ఓరల్ ఎపిక్స్ ఇన్ ఇండియా’లో పల్నాటి కథ దేశంలోని ఇతర వీరగాథల సరసన చేరింది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలోని మాచర్ల, గురజాల బడుల్లో పిల్లలు శ్రీనాథుడితో పాటు గాలెయ్యనూ ఆయన పేరుతోనే, ఆయన పాడిన తెలుగులోనే చదవాలి.