చెరువు గట్ల మీద నడిచిన సంఘం

హైదరాబాద్ చుట్టుపక్కల పిట్టల్ని చూసి రాసిపెట్టే పని మన సంఘంతో మొదలు కాలేదు. 1931లోనే సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకు పూనుకున్నారు. ఆ రోజుల్లో సర్వే అంటే పిట్టను తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచడం. ఆ వివరాలన్నీ 1933 నుంచి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలుగా అచ్చయ్యాయి. ఈ నేల మీద ఒకప్పుడు ఏ పిట్ట ఎక్కడ ఉండేదో తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ ముందుగా తిరగేసేది ఆ పేజీలనే. కానీ అది నిపుణుల పని. బడిపిల్లను, బ్యాంకు ఉద్యోగిని, రిటైరైన మాస్టారిని "రండి, కలిసి చూద్దాం" అని పిలవడానికి ఇంకో అయిదు దశాబ్దాలు పట్టింది.

ఆ పిలుపు 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పేరుతో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక అదే డెక్కన్ బర్డర్స్ అయింది. పేరు మారినా పని తీరు మారలేదు. నెలకోసారి గదిలో కూర్చుని మాట్లాడుకోవడం, నెలకోసారి బయటికెళ్లి నడవడం. మొదటిదానికి తప్పినవాళ్లు కూడా రెండోదానికి తప్పేవాళ్లు కాదు. మంచి బైనాక్యులర్ సంపాదించడమే కష్టమైన ఆ కాలంలో ఒకటి చేతులు మారుతూ గట్టు పొడవునా తిరిగేది. తన వంతు వచ్చేసరికి పిట్ట ఎగిరిపోతే, అది ఎలా ఉందో పక్కవాళ్లు చెప్పాల్సి వచ్చేది. రెక్క మీద తెల్లటి పట్టీ ఉందా, తోక చీలిందా, ముక్కు కింది వైపు వంగిందా? కళ్లతో చూసినదాన్ని ఎదుటివాడికి అందేలా మాటల్లో పెట్టడం అక్కడే వచ్చింది. ఇవాళ అందరి చేతుల్లోనూ కెమెరాలున్నాయి. మంచిదే. కానీ ఫొటో తీసి ఇంటికెళ్లి పేరు వెతుక్కునేవాళ్లకి ఆ అభ్యాసం అబ్బడం లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నడక నడిపించడం ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. వేసవి మొదట్లో చెరువు నీళ్లు వెనక్కి తగ్గి గులకరాళ్ల నేల బయటపడుతుంది. గుంపు అటు అడుగుపెట్టగానే తీతువు నెత్తి మీదికి లేచి అరవడం మొదలుపెడుతుంది. తీతువు అరిస్తే కీడని పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లే అక్కడ సగం మంది. నడిపించేవాళ్లు వెంటనే చెయ్యి అడ్డం పెట్టి "ఎవరూ కదలకండి, కాళ్ల దగ్గర చూసుకోండి" అంటారు. చాలాసేపటి దాకా ఎవరికీ ఏమీ కనపడదు. తర్వాత ఎవరో ఒకరు గుర్తుపడతారు. రాళ్ల మధ్య, రాళ్ల రంగులోనే, నల్లటి మచ్చలతో నాలుగు గుడ్లు. మొనలు లోపలికి తిప్పి పేర్చినట్టుంటాయి. గూడంటూ ఏమీ లేదు, నేల మీద చిన్న గుంట, అంతే. ఇక ఫొటోలు లేవు, ఎండ తగలకుండా తల్లి మళ్లీ వచ్చి కూర్చోవాలి కాబట్టి అందరూ వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడుస్తారు. ఆ పూట వచ్చిన పిల్లలు ఆ అరుపుకి మళ్లీ ఎప్పుడూ భయపడరు.

నా దృష్టిలో మన సంఘం చేసిన అసలు పని కొత్త పిట్టల్ని కనిపెట్టడం కాదు, వెళ్లిన చెరువుకే మళ్లీ మళ్లీ వెళ్లడం. అరుదైన పిట్ట కోసం ఊరూరా పరిగెత్తడంలో ఉత్సాహం ఉంటుంది, కాదనను. అయితే తామరాకుల మీద నడిచే జకానాను జూలైలో చూసినవాళ్లు జనవరిలో కూడా చూడాలి. వానాకాలంలో కొడవలిలా వంగిన పొడుగాటి తోక, మెడ వెనక బంగారు రంగు. చలికాలానికి ఆ తోక ఉండదు, ఒళ్లు వెలిసిపోతుంది. కొత్తవాళ్లు అవి రెండు వేర్వేరు పిట్టలని వాదిస్తారు. గుడ్లు పొదిగి పిల్లల్ని సాకేది మగదని, ఆడది ఒక మగదానికి గుడ్లు అప్పగించి మరోదాని దగ్గరికి వెళ్తుందని పుస్తకం చదివితే తెలుస్తుంది. నమ్మకం కుదరాలంటే మాత్రం అదే గట్టు మీద ఒక వానాకాలం గడపాలి.

మంజీరకు వెళ్లే నడకలు మన జ్ఞాపకాల్లో ప్రత్యేకం. జంటనగరాలకు తాగునీరిచ్చిన ఆ జలాశయాన్ని మొసళ్ల కోసం 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో అక్కడికి తల మీద రెండు నల్లటి చారలున్న బాతులు వస్తాయి. టిబెట్, మంగోలియా వైపు పిల్లల్ని చేసి, హిమాలయాల మీదుగా ఎగిరి మన మెట్ట పొలాల పక్కన వాలతాయి. అప్పటికే గులాబీ గోరువంకలు జొన్న చేలల్లో గుంపులు కట్టి ఉంటాయి. ఫిబ్రవరిలో మోదుగలు పూస్తే ఆ తేనె తాగి, ముఖం నిండా పుప్పొడి పూసుకుని కొమ్మ కొమ్మా గోల చేస్తాయి. ఏప్రిల్ దాటాక ఒక్కటీ కనపడదు.

నడిచినవాళ్లు రాయడం కూడా నేర్చుకున్నారు. సంఘం మొదట 'మయూర' పత్రికను, తర్వాత 'పిట్టా' వార్తాలేఖను తెచ్చింది. 1989లో సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను ప్రచురించారు. 2004లో ఇదే నగరం నుంచి పిట్టీ సంపాదకత్వంలో మొదలైన చిన్న వార్తాలేఖ మరుసటి ఏడాదికి 'ఇండియన్ బర్డ్స్' అయి, దేశమంతా చదివే పత్రికగా ఎదిగింది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన కోసం ప్రతి జనవరిలో గట్టు మీద నిలబడి లెక్కపెట్టే అలవాటు కూడా ఈ నడకలతోనే బలపడింది. బాతులు గుంపుగా లేచినప్పుడు ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పరిమాణంతో మిగతా గుంపును కొలవాలి. ఇది చెబితే వచ్చేది కాదు, పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

ఈ లెక్కలు దేనికని అడిగేవాళ్లకి అమీన్‌పూర్ చెరువును చూపించవచ్చు. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువు చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, మురుగు చేరింది. అయినా రాజహంసలు దిగుతున్నాయంటూ చూసినవాళ్లు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఇక 2025లో కంచ గచ్చిబౌలిలో యంత్రాలు దిగి చెట్లు కూలుతున్నప్పుడు, అక్కడ ఏముందని కొందరు అడిగారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్లుగా రాసుకున్న జాబితాలు ఆ ప్రశ్నకు సమాధానంగా జనం ముందుకొచ్చాయి. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నరికివేతను ఆపింది. ఒక్క జాబితాతో అడవి నిలవదని నాకు తెలుసు. కానీ అక్కడేమీ లేదనే మాట చెల్లకుండా చేయగలిగేది ముందే నడిచి రాసిపెట్టినవాళ్లే.

నగరాన్ని చిన్న చిన్న గడులుగా విడదీసి, ప్రతి గడిలో ఏ పిట్టలున్నాయో నమోదు చేసే హైదరాబాద్ బర్డ్ అట్లాస్ అదే ఏడాది మొదలైంది. అందులో మనవాళ్లూ ఉన్నారు. అందమైన చెరువు ఉన్న గడి కోసం అందరూ పోటీ పడతారు. పారిశ్రామికవాడ ఉన్న గడి, ఇరుకు బస్తీ ఉన్న గడి ఎవరికీ అక్కర్లేదు. కొత్తగా చేరుతున్న పిల్లలు ముందు వాటినే అడిగి తీసుకోవాలని నా కోరిక.

ఇంకో లోటు గురించి కూడా ఈ సంచికలోనే చెప్పుకోవాలి. మన రాతలు ఎక్కువగా ఇంగ్లిషులోనే సాగాయి. గట్టు మీద వల విసిరే బెస్తాయన "ఏం చూస్తున్రు సార్?" అని అడిగినప్పుడు బైనాక్యులర్ ఆయన చేతికిచ్చినవాళ్లు మనలో ఉన్నారు. ఆయన చెప్పింది రాసుకున్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనపడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది కూడా, ఆ పొదల్లో పిట్టల్ని పట్టే స్థానికుడి సాయంతోనే. తెలుగులో నడిపించే నడకలు పెరగాలి. చెరువు పక్క బడుల నుంచి పిల్లలు రావాలి. దసరా నాడు రెక్కలు అంటించి పంజరంలో పెట్టిన పాలపిట్టను చూడ్డానికి డబ్బులిచ్చేవాళ్లకి, ఊరి బయట కరెంటు తీగ మీద స్వేచ్ఛగా కూర్చున్న దాన్ని చూపించడానికి ఒక తెలుగు నడక చాలు.

చివరిగా పాత సభ్యులకు ఒక మనవి. ఎనభైలు, తొంభైల నాటి మీ నోటుబుక్కులు అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉండే ఉంటాయి. తారీఖు, చెరువు పేరు, పిట్టల పేర్లు ఉంటే చాలు, చేతిరాత ఎలా ఉన్నా పర్వాలేదు. చెదలు పట్టకముందే సమావేశానికి తీసుకురండి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అందులో ఉన్న చెరువులు కొన్ని ఇప్పుడు కాలనీలయ్యాయి. అక్కడ ఒకప్పుడు ఏం వాలేదో మీ పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.