పౌరుడు: పురం నుంచి పాస్‌పోర్టు దాకా

పురంలో ఉండేవాడు పౌరుడు. సంస్కృతంలో 'పుర' నుంచి పుట్టిన 'పౌర'కి మొదటి అర్థం అంతే. పౌరుషంతో దీనికి చుట్టరికం లేదు, అది పురుష శబ్దం తాలూకు. హిందీవాళ్లు ఇదే పనికి నగరాన్ని పట్టుకుని 'నాగరిక్' అన్నారు. మనం నాగరికుణ్ని మర్యాద తెలిసినవాడిగా మార్చేసి, దేశానికి చెందినవాడి కోసం పౌరుణ్ని ఉంచుకున్నాం. వ్యుత్పత్తినే పట్టుకుంటే పల్లెటూరివాడు పౌరుడే కాడు!

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గ్రీన్‌కార్డు మీద ఏళ్లు గడిపి అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టిన మనవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. కుడిచెయ్యి ఎత్తి, పాత దేశం పట్ల విధేయత వదులుకుంటున్నామని ప్రమాణం చేయాలి. ప్రమాణం చేసే హాల్లోనే పక్క వరసలో తెలుగు వినబడితే చాలు, "మీదే ఊరండీ?" అని అడుగుతారు. జవాబు తెనాలో, సిద్దిపేటో అవుతుంది గాని డాలస్ కాదు.

ఇటు మన 1955 నాటి పౌరసత్వ చట్టం రెండు పడవల మీద కాళ్లు ఒప్పుకోదు. కోరి మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుంది. అలా పోగొట్టుకున్నవాళ్లు పెట్టుకోగల ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుల పంపకం 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైంది. ఆ పేరులో 'సిటిజన్' ఉంది గాని ఓటు లేదు, పొలం కొనే హక్కూ లేదు. గడుసు పేరే! ప్రమాణానికి సిద్ధమవుతున్నవాళ్లు భారత పాస్‌పోర్టు అప్పగింత పత్రం సంగతి ముందే కనుక్కోండి. అది లేనిదే ఓసీఐ దరఖాస్తు కదలదు.