ఆ ప్యాకెట్టు కోసం ఎనిమిదేళ్ళు

హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరు గెలిచిన పోరాటం మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్లలోని తల్లికి ఎలా పనికొస్తుంది? విరేచనాలైన పసిబిడ్డను ఎంతవరకు ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి?

2025 అక్టోబరు 14. మన దేశంలో ఆహార పదార్థాల మంచిచెడ్డలు తేల్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ఉత్తర్వు జారీ చేసింది. పళ్ళరసాలు, పానీయాల డబ్బాల మీద ఇకపై ‘ఓఆర్ఎస్’ అన్న పేరు కనిపించకూడదు. ముందో వెనకో ఇంకో అక్షరం తగిలించి ట్రేడ్‌మార్క్ చేసుకున్నా సరే, కుదరదు.

ఆ కబురు జనానికి చెబుతూ హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఒక వీడియో పెట్టారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశారు. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆ కన్నీళ్ళ వెనక ఎనిమిదేళ్ళ కష్టముంది.

రాసిచ్చింది ఒకటి, తాగించింది ఒకటి

విరేచనాలతో వచ్చిన బిడ్డకు డాక్టరు ఓఆర్ఎస్, అంటే ఉప్పూ గ్లూకోజూ కలిసిన పొడి, నీళ్ళలో కలిపి తాగించమంటారు. తల్లి తాగిస్తుంది. అయినా విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి, బిడ్డ ఇంకా వాడిపోతాడు. ఇలా ఎందుకవుతోందని శివరంజని ఆరా తీస్తే, బిడ్డలు తాగుతున్నది అసలు ఓఆర్ఎస్సే కాదని తేలింది. అదే పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముతున్న తియ్యటి పానీయం.

అసలు ఓఆర్ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది. లీటరు నీళ్ళకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం కలిపితే ఇరవై గ్రాముల పైచిలుకు పొడి. ఉప్పూ గ్లూకోజూ ఈ పాళ్ళలో కలిసి వచ్చినప్పుడే పేగు గోడ రెంటినీ లోపలికి పీల్చుకుంటుంది, వాటి వెంట నీళ్ళూ ఒంట్లోకి చేరతాయి. చక్కెర మితిమీరితే జరిగేది తలకిందులు. ఒంట్లో ఉన్న నీళ్ళే పేగులోకి దిగి, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ఆ డబ్బాల్లో చక్కెర ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉండేది.

ఆమె అధికారులకు ఉత్తరాలు రాశారు, తల్లిదండ్రులకు వీడియోల్లో చెబుతూ వచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. మూడు నెలలు తిరిగేసరికి, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు’ అని డబ్బా మీద రాస్తే చాలని సడలించింది. జ్వరంతో కాలుతున్న బిడ్డను చంకనెత్తుకున్న తల్లి ఆ సన్నటి అక్షరాలు చదువుతుందా? శివరంజని తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ సడలింపు రద్దు కావడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినా, ప్రజారోగ్యం దృష్ట్యా ఆ నిషేధంలో వేలు పెట్టబోమని కోర్టు అదే నెలాఖరున చెప్పింది.

బన్‌గావ్‌లో డ్రమ్ములు

ఇరవై గ్రాముల పొడి కోసం ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1971కి వెళ్ళాలి. బంగ్లాదేశ్ యుద్ధకాలం. బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా సోకిన శరణార్థులు నేల మీద కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళూని కూర్చుంటే తప్ప చేతికి సెలైన్ సూది గుచ్చడానికి వీలయ్యేది కాదు. చూస్తుండగానే సెలైన్ సీసాలు నిండుకున్నాయి.

డాక్టర్ దిలీప్ మహలనబిస్ అప్పుడు తెగించి ఒక నిర్ణయం తీసుకున్నారు. ఉప్పు, గ్లూకోజు, వంటసోడా లెక్క ప్రకారం తూచి, పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్ళలో కలిపించారు. డ్రమ్ము కుళాయి తిప్పి పట్టుకోవడం, గుక్క గుక్కగా తాగించడం రోగుల బంధువులే చేశారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ప్రాణం నిలబెట్టింది అక్కడ డాక్టరొక్కరే కాదు, గ్లాసు పట్టుకున్న అమ్మలూ అక్కలూ కూడా. ఈ విద్య ఎంత పనిచేస్తుందో ప్రపంచానికి చూపించిన మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటేడు ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

జడ్చర్ల వాడకట్టులో

ఇప్పుడు జడ్చర్లకు వద్దాం. ఈ కింది మాటలు ఏ ఒక్క ఇంటివీ కావు. బాదేపల్లిలోనో, హైవే పక్క బస్తీలోనో ఏ వాడకట్టుకు వెళ్ళినా వినిపించేవే.

“పండ్లొస్తున్నయ్ బిడ్డా, గందుకే పలుచగ పోతుండు. రెండు దినాలల్ల అదే తగ్గుతది,” అంటుంది నాయనమ్మ.

“దిష్టి తగిలిందేమో, ఉప్పు తిప్పెయ్,” అంటుంది పక్కింటామె.

మూడో రోజు తండ్రి మందుల షాపుకు పోతాడు. “అన్నా, పిలగానికి మోషన్లయితున్నయ్. బందయ్యే గోలి ఇయ్యి.”

పెద్దవాళ్ళ ప్రేమను తప్పు పట్టనక్కర్లేదు. కానీ పళ్ళు వస్తున్నందుకు నీళ్ళ విరేచనాలు కావు. పాకే వయసులో చేతికందిందల్లా నోట్లో పెట్టుకోవడంతో క్రిములు కడుపులోకి పోతాయి. ఇక విరేచనాలు బంద్ చేసే గోళీ పసిపిల్లలకు ప్రమాదం. పేగు కదలికే ఆగిపోయి కడుపు ఉబ్బుతుంది, బిడ్డ మత్తులోకి జారుకోవచ్చు. యాంటిబయాటిక్ కూడా డాక్టరు చెప్పకుండా వేయకూడదు.

ఇంట్లో చేయాల్సింది వేరే ఉంది. ఆశా కార్యకర్త దగ్గరా, అంగన్‌వాడీలోనూ ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉచితంగా దొరుకుతాయి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీళ్ళు సరిగ్గా లీటరు కొలిచి, లీటరు ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు ఇంత అని చిటికెలు వేస్తే పాళ్ళు చెడతాయి. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు వాళ్ళకు 100 నుంచి 200. చెంచాతో మెల్లగా పట్టాలి. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. వీటితోపాటు జింకు బిళ్ళ పద్నాలుగు రోజులు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20. విరేచనాలు తగ్గినా బిళ్ళలు ఆపొద్దు. తల్లిపాలు ఆపొద్దు. అన్నం తినే బిడ్డను మాడ్చొద్దు, మెత్తగా పిసికిన పప్పన్నం పెట్టండి.

ఒక్క గంట కూడా ఆగొద్దు

బిడ్డ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగి వదలండి. ఒంట్లో నీళ్ళుంటే ఆ ముడత వెంటనే సర్దుకుంటుంది. రెండు సెకన్లు దాటినా నిలిచే ఉంటే ఒళ్ళు ఎండిపోతోందని అర్థం. కళ్ళు లోపలికి పోవడం, పిలిచినా పలక్కుండా మత్తుగా పడి ఉండటం, నీళ్ళూ పాలూ తాగలేకపోవడం, తాగిందంతా కక్కుకోవడం, ఫిట్స్ రావడం, గంటల తరబడి మూత్రం రాకపోవడం, ఆకుపచ్చ వాంతులు, కడుపుబ్బరం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా 108కి ఫోన్ చేయండి. దారి పొడవునా, బిడ్డ మింగగలిగితే, ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

విరేచనంలో నెత్తురు పడితే అదే రోజు డాక్టరు చూడాలి. రెండు నెలలలోపు పసికందుకు విరేచనాలైతే ఇంటి వైద్యం అసలే వద్దు. ఇవేవీ లేకపోయినా మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే జడ్చర్ల ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. పెద్ద వైద్యం కావాలంటే మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రి దగ్గరే.

రెండు వారాలు దాటితే

పద్నాలుగు రోజులైనా విరేచనాలు ఆగకపోతే వైద్యులు దాన్ని మామూలు విరేచనాల కింద లెక్కగట్టరు. పేగు లోపలి పొర దెబ్బతిని పాలలోని చక్కెర అరక్కపోవచ్చు. కడుపులో పరాన్నజీవులుండొచ్చు. మూత్రంలోనో, మరోచోటో ఇన్ఫెక్షన్ దాగుండొచ్చు. అన్నిటికన్నా భయపడాల్సింది, విరేచనాలతో బిడ్డ చిక్కిపోవడం, చిక్కిన బిడ్డకు మళ్ళీ విరేచనాలు పట్టుకోవడం. ఆ సుడిలో పడ్డ బిడ్డ బయటపడటం కష్టం. అందుకే అంగన్‌వాడీలో తూచిన బరువు తగ్గినా, నెలల తరబడి పెరగకపోయినా చూసీ చూడనట్టు వదిలేయకూడదు. పోషకాహార లోపం తీవ్రంగా ఉన్న బిడ్డకు ఓఆర్ఎస్ మోతాదు కూడా డాక్టరే చెప్పాలి.

రాకుండా చూసుకునే దారీ ఉంది. పసిబిడ్డల విరేచనాలకు పెద్ద కారణమైన రోటా వైరస్‌కు టీకా హైదరాబాద్‌లోనే తయారవుతోంది. 6, 10, 14 వారాల వయసులో ప్రభుత్వ టీకాల్లో భాగంగా ఉచితంగా వేస్తారు. ఏ విడతా తప్పనివ్వొద్దు.

శివరంజని పోరాటంతో డబ్బా మీద అబద్ధం చెరిగింది. పొడిని సరైన కొలత నీళ్ళలో కలపడం, సరైన రోజున గడప దాటడం ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకు వెళ్ళండి: ఎన్ని రోజులైంది, రోజుకు ఎన్నిసార్లవుతోంది, నెత్తురు ఉందా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది. ఈ నాలుగూ చెప్పగలిగిన తల్లి డాక్టరు పని సగం తగ్గించినట్టే. ‘ఇంత చిన్నదానికి వచ్చావా’ అంటారేమోనని వెనకాడకండి. వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తే పోయేది పూట కూలీ, ఆగితే పోయేది బిడ్డ ప్రాణం.