బీకాం, బీబీఏలో చేరిన మన పిల్లల కోసం: సమాచారం వెతికే విద్య ఎట్లా పుట్టింది?



మా హాస్టల్లో బీకాం, బీబీఏ చదివేవాళ్లలో చాలామందిమి ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం. ఫస్టియర్‌లోనే "ఒక కంపెనీ గురించి ప్రాజెక్టు రాసుకురండి" అంటారు. ఎక్కడ వెతకాలి, దొరికినదాంట్లో ఏది నమ్మాలి అని చెప్పే పీరియడ్ మాత్రం టైంటేబుల్‌లో ఉండదు. నిజానికి అది కూడా ఒక విద్యే. దాన్ని సమాచార అక్షరాస్యత అంటారు. దానికో చరిత్ర ఉంది, అందులో వ్యాపారానికి పెద్ద పాత్ర ఉంది.

1904లో అమెరికాలోని న్యూవార్క్ నగరంలో జాన్ కాటన్ డానా అనే లైబ్రేరియన్ వ్యాపారుల కోసం ప్రత్యేకంగా ఒక శాఖ తెరిచాడు. అందులో కథల పుస్తకాలు కాదు, ఊళ్ల మ్యాపులు, వ్యాపారుల చిరునామాల పుస్తకాలు, సరుకుల కేటలాగులు పెట్టాడు. ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఎవరు కొంటారు అని ముందుగా తెలిసినవాడిదే బేరంలో పైచేయి అని అక్కడి వ్యాపారులకి అప్పటికే తెలుసు.

కాలేజీ పిల్లలకి ఈ విద్య నేర్పడం ఇంకో దారిలో నడిచింది. మన దేశంలో 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన రంగనాథన్, కొత్తగా వచ్చిన విద్యార్థులకి లైబ్రరీని పరిచయం చేయడం లైబ్రేరియన్ పనే అన్నాడు. 1960లలో అమెరికాలో డెట్రాయిట్‌లోని మాంటీత్ కాలేజీలో పాట్రీషియా నాప్ ఒక ప్రయోగం చేసింది. లైబ్రరీ పాఠాన్ని విడిగా చెప్పకుండా, సబ్జెక్టు టీచర్లతో కలిసి క్లాసు అసైన్‌మెంట్లలోనే కలిపింది. ఒకరోజు లైబ్రరీ తిప్పి చూపిస్తే తెల్లారేసరికి మర్చిపోతాం. చేతిలో పని ఉన్నప్పుడు నేర్చుకుంటే మాత్రం గుర్తుంటది.

"సమాచార అక్షరాస్యత" అన్న మాటని 1974లో పాల్ జర్కోవ్‌స్కీ వాడుకలోకి తెచ్చాడు. ఆయన టీచర్ కాదు, సమాచారం అమ్మే కంపెనీల సంఘానికి అధ్యక్షుడు. తమ పనిలో సమాచారాన్ని వాడుకోవడం తెలిసినవాళ్లనే ఆయన ఈ అక్షరాస్యులు అన్నాడు. 1989లో అమెరికా లైబ్రరీల సంఘం వేసిన కమిటీ ఈ మాటని మామూలు జనం దాకా తెచ్చింది. సమాచారం ఎప్పుడు కావాలో గుర్తించడం, వెతికి పట్టుకోవడం, దాని విలువ తూచడం, సరిగ్గా వాడడం ఇందులోకి వస్తాయని చెప్పింది. 2000లో కాలేజీలకి ప్రమాణాలు వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్త చట్రం వచ్చింది. అందులో ఒక మాట మాకు బాగా నచ్చింది. ఎవరి మాటకైనా ఉండే అధికారం సందర్భాన్ని బట్టి ఉంటది, పెద్ద పేరు ఉంది కదా అని గుడ్డిగా నమ్మకూడదు.

దీనికి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. సత్యం కంప్యూటర్స్ 2008లో మంచి కంపెనీ పాలనకి అవార్డు అందుకుంది. దాని లెక్కలకి ఆడిటర్ల సంతకం ఉంది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాసి, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నాడు. అవార్డు, సంతకం, పేరు అన్నీ ఉన్న కాగితమే అబద్ధం చెప్పింది. అందుకే కామర్స్ చదివేవాళ్లం బ్యాలెన్స్ షీట్ కూడడం నేర్చుకుంటే సరిపోదు. అది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగడం కూడా నేర్చుకోవాలి.

ఇదంతా మనకెందుకు అంటారా? మన చరిత్ర చూద్దాం. అక్షరం రాని కాలంలో అప్పు పత్రంలో ఏముందో సావుకారి నోటితో వినాల్సిందే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. మన కాగితం మనమే చదువుకునే దారి అట్లా తెరుచుకుంది. 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పెట్టింది కూడా దళారుల చేతిలో అటవీ సరుకు మోసపోకుండా ఉండాలనే. 2013-14 నుంచి కేంద్రం కొన్ని అటవీ ఉత్పత్తులకి మద్దతు ధర పథకం తెచ్చింది. కానీ ఆ ధర ఎంతో తెలియని అవ్వ చింతపండు గంపతో సంతకి పోతే, కొనేవాడు చెప్పిందే ధర.

మార్లవాయి తరం అక్షరం నేర్చుకుంది. ఇప్పుడు కాగితాన్ని ప్రశ్నించడం నేర్చుకోవాల్సింది మన తరం. ఫస్టియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ ప్రాజెక్టు రాసినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఇది నమ్మితే లాభం ఎవరికి? ఇదే సంగతి ఇంకోచోట ఎట్లా ఉంది? కంపెనీ ప్రకటన కన్నా వార్షిక నివేదిక చూడండి, దాని వెనక ఉన్న ఆడిటర్ రిపోర్టు, చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్ కూడా చదవండి. లైబ్రేరియన్ సార్‌ని, మేడమ్‌ని అడగడానికి మొహమాటపడొద్దు, చెప్పడం వాళ్ల పనే.

సీనియర్లకి ఒక మనవి. ప్రతి హాస్టల్లో వారానికి ఒక సాయంత్రం జూనియర్లతో కూర్చుని, వాళ్ల అసైన్‌మెంట్ మీదే ఈ నాలుగు ప్రశ్నలు వేయించండి. సెలవులకి ఊరికి పోయినప్పుడు అవ్వకి, అమ్మకి ఈ ఏడాది మద్దతు ధర ఎంతో చూసి చెప్పండి. మన చదువు మొదట అక్కరకి రావాల్సింది ఆ గంప దగ్గరే.

జోహార్.