సంతోషించినందుకు మందలింపు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఎం.బి. చర్చి ఎక్కడంటే ఎవరైనా దారి చూపిస్తారు. మెన్నొనైట్ బ్రదరన్ అన్న పేరుకు అది పొట్టి రూపం. ఆ సంఘం పుట్టింది వేల మైళ్ల అవతల, నేటి ఉక్రెయిన్ గడ్డిమైదానాల్లో. పుట్టి అయిదేళ్లు నిండాయో లేదో, సొంత పెద్దల చేతే మందలింపు తిన్నది. నేరమేమిటంటే, మరీ ఎక్కువగా సంతోషించడం.

మెన్నొనైట్లు 16వ శతాబ్దపు డచ్చి బోధకుడు మెన్నో సైమన్స్ పేరు పెట్టుకున్నవాళ్లు. యుద్ధానికి వెళ్లరు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. అందుకు హింసలు పడి తూర్పుకు జరిగి, 1804 నుంచి రష్యా సామ్రాజ్యంలోని మొలోచ్నాలో సేద్యం చేసుకుంటూ స్థిరపడ్డారు. తరాలు గడిచేసరికి భక్తి కాస్తా ఆనవాయితీ అయిపోయింది. అలాంటి వేళ ఎడ్వర్డ్ వ్యూస్ట్ అనే లూథరన్ బోధకుడు ఆ చుట్టుపక్కల ప్రసంగాలు మొదలుపెట్టాడు. దేవుడు ఉచితంగా క్షమిస్తాడు, క్షమాపణ పొందినవాడు సంతోషించాలి అన్నది ఆయన బోధ. ఆయన 1859లో పోయాడు. మరుసటి ఏడు జనవరి 6న 18 మంది ఇంటి పెద్దలు సంతకాలు చేసి పాత సంఘం నుంచి వేరుపడ్డారు.

ఇక ఆ ఇళ్లలో వాయిద్యాలు మోగాయి. ఆరాధనలో చిందులేశారు, గంతులేశారు. గెంతేవాళ్లని చూసి ఊరు నవ్వింది. బైబిల్లో దేవుని మందసం ముందు దావీదు రాజు నాట్యమాడితే కిటికీలోంచి చూసి ఈసడించుకున్న భార్య మీకాలు లాంటిది ప్రతి ఊళ్లోనూ ఉంటుంది కదా! అయితే కొందరు హద్దు దాటారు. తమతో కలిసిరానివాళ్లను వెలివేసే దాకా పోయారు. చివరికి 1865 జూన్‌లో పెద్దలు కూర్చుని ఆ అతికి అడ్డుకట్ట వేశారు. నన్నడిగితే ఆ తీర్మానం సబబే. పక్కవాడు గెంతలేదని శిక్ష వేసే సంతోషం ఎవరికి కావాలి?

కాబట్టి మన దగ్గరికి వచ్చింది మందలింపు తిని ఒదిగిన సంతోషం. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో వచ్చి, మరుసటి ఏడు నల్లగొండలో మకాం వేశాడు. 1899లో అమెరికా శాఖ నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దిగాడు. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో పని నిలబెట్టాడు. తర్వాత సంస్థానాధీశుల వనపర్తిలోనూ మిషన్ వెలిసింది. గద్వాల మాత్రం అమెరికన్ బాప్టిస్టుల చేతి నుంచి 1937లో వీళ్లకు వచ్చింది.

ఇక్కడ పాట అప్పటికే సిద్ధంగా ఉంది. పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి 1890లో కన్నుమూసేనాటికే వందకు పైగా తెలుగు కీర్తనలు కట్టి ఉన్నాడు. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మనవే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగతాళాల పేర్లు నేటికీ చూడవచ్చు. చదువు రానివాడికి కూడా వాక్యం నోటికి వచ్చింది ఈ దారినే.

మరి డప్పు? దాని సంగతి వేరు. 1860ల చివర ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవత జాతరల్లో డప్పు కొట్టం అన్నారు. ఊరి పెద్దలు పగబట్టి వేధించారు. దీన్ని తెల్లదొరల పట్టింపు అని తోసేయడం సులువే గాని, పుట్టుకతో నెత్తిన పడ్డ వెట్టిని కాదనడంలో ఎంత తెగువ ఉందో, ఎంత సంబరం ఉందో కొట్టినవాడికే తెలుస్తుంది. డప్పు దించడమే ఆనాటి పండుగ. ఆ తర్వాత ఆరాధనలో హార్మోనియం, డోలక్, కంజీర సందడి చేశాయి. ఈ మధ్య తెలుగు క్రైస్తవ పాటల రికార్డింగుల్లో డప్పు మళ్లీ మోగుతోంది. ఇప్పుడు ఎవరూ కొట్టమని ఆజ్ఞాపించడం లేదు, ఇష్టమై కొడుతున్నారు. గుడిలో ఈ గోల ఏమిటని విసుక్కునే పెద్దలు 1865 నాటి తగవును ఒకసారి తలుచుకుంటే మంచిది. గోల చేసే కుర్రాళ్లు కూడా.

మిషనరీల చరిత్రలు పుస్తకాలుగా వచ్చాయి. పాలమూరు పల్లెల్లో పొలం గట్టున, కల్లాల దగ్గర యేసు పాటలు కట్టినవాళ్ల పేర్లు అంతగా రాలేదు. మీ ఇంట్లో అలాంటి పాత పాటల నోటుపుస్తకం ఉంటే అటక మీద వదలకండి. పాడగలిగిన అవ్వ ఉంటే ఈ క్రిస్మస్‌కే ఆమె గొంతు ఫోనులో రికార్డు చేయండి. పాట ఎవరు కట్టారో కూడా అడిగి రాసిపెట్టుకోండి.