అత్యవసర వాహనాల ప్రమాదాలు: బాధ్యత, నష్టపరిహారం

అంబులెన్స్, ఫైరింజన్, పోలీసు వాహనం వంటివి విధి నిర్వహణలో ఉండగా ఎవరినైనా ఢీకొన్నా, వాటిలో ఉన్నవారే గాయపడినా ఆ నష్టం ఎవరు భరించాలన్నది ఈ వ్యాసం విషయం. భారతదేశంలో దీనికంటూ విడిగా ఒక చట్టం లేదు. మోటారు వాహనాల చట్టం, ప్రభుత్వ బాధ్యతపై 1861 నుంచి వచ్చిన తీర్పులు, బీమా నియమాలు కలిసి నేటి స్థితిని తెచ్చాయి. ఈ చరిత్రలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని నడిచాయి. ప్రాణం కాపాడటానికి వెళ్తున్న బండికి ఎంత తొందర అనుమతించవచ్చు? బండి సర్కారుదైతే జవాబు చెప్పే పని లేదా? రెండో ప్రశ్న తేలడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ జాప్యానికి మూల్యం చెల్లించింది రోడ్డు మీద మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలే.

సర్కారు బండికి జవాబుదారీ

మూల తీర్పు కూడా ఒక రోడ్డు ప్రమాదం నుంచే పుట్టింది. కలకత్తా దగ్గర కిద్దర్‌పూర్‌లోని ప్రభుత్వ నౌకా మరమ్మతు కేంద్రం పక్కగా గుర్రపు బండి ఒకటి వెళ్తోంది. అక్కడి కూలీలు మోస్తున్న పెద్ద ఇనుప భాగం వారి చేతుల్లోంచి జారి పడింది. ఆ చప్పుడుకు బెదిరిన గుర్రం గాయపడింది. బండి యజమాని అయిన పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ నౌకా సంస్థ ప్రభుత్వంపై దావా వేసింది. 1861లో ప్రధాన న్యాయమూర్తి బార్న్స్ పీకాక్ సంస్థ పక్షాన తీర్పు చెప్పారు. ప్రైవేటు వ్యక్తులూ చేయగల పనిలో తప్పు జరిగితే ప్రభుత్వం చెల్లించాలి, రాజ్యాధికారంతో మాత్రమే చేయగల 'సార్వభౌమ' విధిలో జరిగితే అక్కర్లేదు అన్నది ఆ తీర్పు గీసిన గీత. తర్వాతి ఇండియా పాలనా చట్టాలు ఆ స్థితిని అలాగే కొనసాగించాయి. రాజ్యాంగంలోని 300వ అధికరణం కూడా పాత స్థితినే ఆధారం చేసుకుంది. కంపెనీ కాలపు కొలతబద్ద అలా గణతంత్రంలోకి నడిచి వచ్చింది.

ఆ గోడకు మొదటి పెద్ద బీట 1962లో విద్యావతి కేసులో పడింది. ఉదయపూర్ కలెక్టర్ వాడే జీపును మరమ్మతు తర్వాత షెడ్డు నుంచి తెస్తూ డ్రైవరు ఒక పాదచారిని ఢీకొట్టాడు. ఆయన చనిపోయాడు. భార్య, బిడ్డ వేసిన దావాలో కింది కోర్టు డ్రైవరు మీదే రూ.15,000 వేసింది. ప్రభుత్వం కూడా బాధ్యత వహించాలని హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. సంక్షేమ రాజ్యం వేలాది ఉద్యోగులతో రోజువారీ పనులు చేయిస్తూ, వారి తప్పుకు యజమానిగా జవాబు చెప్పననడం కుదరదన్నది ఆ తీర్పు సారం.

అయినా గీత చెరిగిపోలేదు. ఇలాంటి కేసుల్లో ప్రతిసారీ బండి ఆ నిమిషంలో ఏ పని మీద ఉందన్నదే ప్రశ్న అయింది. వైమానిక దళం వాహనం హాకీ జట్టును తీసుకెళ్తుంటే అది సార్వభౌమ విధి కాదని ఢిల్లీ హైకోర్టు 1967లో అంది. నౌకాదళ ఓడకు కార్బన్ డయాక్సైడ్ మోసుకెళ్తున్న రక్షణ శాఖ లారీ పదేళ్ల బాలుణ్ణి గాయపరిస్తే అది సార్వభౌమ విధేనని మద్రాసు హైకోర్టు తేల్చింది. బిడ్డ పరిస్థితి చూసి కనీసం దయగానైనా రూ.10,000 ఇవ్వమని సిఫారసు చేసింది. లారీలో ఉన్న సరుకును బట్టి పిల్లవాడి హక్కు మారిపోవడం ఏ లెక్కన చూసినా అన్యాయమే.

అత్యవసర సేవలకు ఎక్కువ దగ్గరైనది 1974 నాటి శ్యామ్ సుందర్ కేసు. రాజస్థాన్‌లో కరువు సహాయక పనుల కోసం భీల్వాడా నుంచి బాన్స్‌వాడా వెళ్తున్న ప్రజా పనుల శాఖ ట్రక్కు రేడియేటరు దారి పొడవునా వేడెక్కుతూనే ఉంది. 70 మైళ్లకు తొమ్మిది గంటలు పట్టింది. చివరికి ఇంజన్‌కు మంటలు అంటుకున్నాయి. బయటికి దూకిన ఒక ఉద్యోగి తల రాయికి తగిలి చనిపోయాడు. బాగున్న బండి ఊరికే అంటుకోదు కాబట్టి నిర్లక్ష్యం లేదని చూపాల్సిన భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. కరువు సహాయం ప్రైవేటు వారూ చేయగలిగినదే కాబట్టి సార్వభౌమ విధి అన్న వాదననూ తోసిపుచ్చింది. ఈ కొలతతో చూస్తే అంబులెన్స్‌కు ప్రభుత్వ రక్షణ కవచం దొరకదు. రోగిని ఆసుపత్రికి చేర్చడం ధర్మసంస్థలూ ప్రైవేటు ఆసుపత్రులూ ఎప్పటినుంచో చేస్తున్న పని. చిక్కంతా పోలీసు వాహనాల దగ్గరే మిగిలింది. పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారం మాయమైన కస్తూరీలాల్ కేసులో సుప్రీంకోర్టు 1965లో పాత గీతనే పట్టుకుంది. అయితే చట్టం మార్చమని ప్రభుత్వానికి చెప్పింది కూడా. లా కమిషన్ 1956లో తన మొదటి నివేదికలోనే ఇదే అడిగింది. 1965లో, 1967లో వచ్చిన బిల్లులు చట్టం కాలేకపోయాయి.

పార్లమెంటు చేయని పనిని కోర్టులే నెమ్మదిగా చేశాయి. అందులో తెలుగు నేల నుంచి వెళ్లిన రెండు కేసులది పెద్ద పాత్ర. అధికారులు స్వాధీనం చేసుకున్న ఎరువుల నిల్వ పాడైపోయిన నాగేంద్రరావు కేసులో 1994లో సుప్రీంకోర్టు సార్వభౌమ రక్షణ సిద్ధాంతానికి ప్రజాస్వామ్యంలో చోటు లేదనేంత దూరం వెళ్లింది. కోవెలకుంట్ల సబ్‌జైలుపై 1977లో జరిగిన బాంబు దాడిలో ఖైదీ మరణించిన కేసులో, జీవించే హక్కు ముందు ఆ కవచం నిలవదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పగా 2000లో సుప్రీంకోర్టు సమర్థించింది. రెండింటిలోనూ వాహనం లేదు. కానీ పోలీసు వ్యాన్ కింద పడినవారికి ఇవే బలమైన ఆధారాలు.

సైరన్ ఇచ్చే హక్కు

తొందరకు హద్దు ఏమిటన్నది ముందుగా ఇంగ్లండులో తేలింది. ఎర్ర లైటు దాటి ఢీకొన్న ఫైరింజన్ విషయంలో 1938లోనే అక్కడి కోర్టు బాధ్యత మోపింది. 1959లో గేనర్ కేసులో, విధి మీద వేగంగా వెళ్తున్న పోలీసు మోటారు సైకిలిస్టు పాదచారికి చూపాల్సిన జాగ్రత్త మామూలు మనిషి చూపాల్సినదేనని చెప్పారు. 1971లో లండన్ అగ్నిమాపక సిబ్బంది కేసులో న్యాయమూర్తి లార్డ్ డెనింగ్ తూకం మానవీయమైనది. మంటల్లో చిక్కినవారి కోసం, దారి ఖాళీగా ఉందని చూసుకుని ఎర్ర లైటు దాటిన డ్రైవరును శిక్షించకూడదు. అయితే ప్రమాదం జరిగితే మాత్రం నష్టపరిహారం నుంచి తప్పించుకోలేడు.

మన దగ్గర 1989 రోడ్డు నియమాలు ఎదుటివారి విధిని మాత్రమే చెప్పాయి: అగ్నిమాపక వాహనం, అంబులెన్స్ వస్తే పక్కకు జరిగి దారి ఇవ్వాలి. సిగ్నల్ దాటే అధికారం గురించి ఆ నియమం మాట్లాడలేదు. 2017 డ్రైవింగ్ నిబంధనలు ఆ ఖాళీని నింపాయి. అత్యవసర పనిపై ఉన్న వాహనం ఎర్ర లైటు దాటవచ్చు, వేగ పరిమితి మించవచ్చు, కానీ అత్యంత జాగ్రత్తతో. పని ముగించుకుని ఖాళీగా తిరిగొస్తున్న అంబులెన్స్‌కు ఈ వెసులుబాటు లేదు. దారి ఇవ్వనివారికి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ 194ఈ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ విధించింది.

కూడలిలో ప్రమాదం జరిగితే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందుకు ఇవన్నీ వస్తాయి: సైరన్ మోగిందా, లైటు వెలిగిందా, డ్రైవరు కూడలి దగ్గర వేగం తగ్గించాడా, అడ్డొచ్చినవాడికి వినబడే అవకాశం ఉందా. బాధితుడి తప్పు కొంత ఉందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. లోపల పడుకున్న రోగి సంగతి వేరు. అతని తప్పు ఏ కోశానా ఉండదు. అంబులెన్స్, లారీ రెండింటి నిర్లక్ష్యంతో అతను గాయపడితే, మొత్తం సొమ్మును వారిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎవరి వాటా ఎంతో వాళ్లే తేల్చుకుంటారు.

సొమ్ము ఎక్కడి నుంచి

బాధితులకు మూడో పక్ష బీమా 1946 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి పడింది. 1982లో, తప్పు ఎవరిదైనా కొంత సొమ్ము ఇవ్వాలన్న సూత్రం చట్టంలోకి వచ్చింది. అది 1988 మోటారు వాహనాల చట్టంలో మరణానికి రూ.25,000గా ఉండి, 1994లో రూ.50,000 అయి, 2019 సవరణలో 164వ సెక్షన్ కింద రూ.5 లక్షలకు చేరింది. తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు. ప్రభుత్వ పనికే వాడే సర్కారు వాహనాలకు 146వ సెక్షన్ బీమా నుంచి మినహాయింపు ఇస్తుంది. అంటే బీమా కంపెనీ లేకపోతే ఖజానాయే చెల్లించాలి తప్ప, బాధితుడి హక్కు తగ్గదు.

నిర్లక్ష్యం రుజువు చేసే 166వ సెక్షన్ దరఖాస్తులో మొత్తం ఎంత పెరుగుతుందో చూడాలి. నెలకు రూ.15,000 సంపాదించే 30 ఏళ్ల తాపీమేస్త్రి మరణించి, నలుగురు ఆధారపడినవారు ఉన్నారనుకుందాం. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం ఏడాది ఆదాయం రూ.1,80,000కు 40 శాతం కలిపితే రూ.2,52,000. సొంత ఖర్చుకు నాలుగో వంతు తీస్తే రూ.1,89,000. 2009 నాటి సరళా వర్మ పట్టికలోని గుణకం 17తో రూ.32,13,000. అంత్యక్రియలు, సాహచర్యం కోల్పోవడం వంటివి దీనికి అదనం. అతని వంతు తప్పు 25 శాతం అంటే చాలు, ఎనిమిది లక్షలకు పైగా పోతాయి. సైరన్ విన్నాడా లేదా అన్న సాక్ష్యం విలువ అంతటిది.

యజమాని ఎవరు

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ తర్వాత ఈ ప్రశ్న కొత్తగా ముఖ్యమైంది. వాహనం ప్రభుత్వానిది, నడిపేది మరో సంస్థ అయినప్పుడు పరిహారం ఎవరి మీద వేయాలి? వాహనం ఎవరి అధీనంలో ఉందో చూసే ధోరణి 1997లో కైలాశ్‌నాథ్ కొఠారి కేసులో కనిపిస్తుంది. ఎన్నికల కోసం ప్రభుత్వం తీసుకున్న ప్రైవేటు వాహనం ప్రమాదానికి ప్రభుత్వమే యజమాని అని 2008లో దీపా దేవి కేసులో తేలింది. రిజిస్టర్డ్ యజమాని పేరును తేలిగ్గా దాటవద్దని 2018లో నవీన్ కుమార్ కేసు హెచ్చరించింది. అందుకే దరఖాస్తులో డ్రైవరు, రిజిస్టర్డ్ యజమాని, నడిపే సంస్థ, బీమా కంపెనీ అందరినీ ప్రతివాదులుగా చేర్చడం క్షేమం. ఒకరిని వదిలేస్తే మిగతావాళ్లు ఆ పేరే చూపించి తప్పుకోవాలని చూస్తారు. దరఖాస్తుకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. ఆసుపత్రులు, కర్మకాండల మధ్య ఆ గడువు పేదవారికి చాలా తక్కువ.

అంబులెన్స్ డ్రైవరు, లోపలి వైద్య సహాయకుడు కూడా బాధితులు కావచ్చు. వారికి ఉద్యోగుల పరిహార నియమాల కింద గానీ, మోటారు వాహనాల చట్టం కింద గానీ అడిగే హక్కు ఉంది. 167వ సెక్షన్ ప్రకారం రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. మొదటి దారిలో యజమాని నిర్లక్ష్యం రుజువు చేయనక్కర్లేదు, అయితే ఆదాయానికి చట్టం పెట్టిన పరిమితిలోనే లెక్క ఉంటుంది. రెండో దారిలో ఎదుటి వాహనం తప్పు చూపగలిగితే వచ్చేది చాలా ఎక్కువ.