తహసీల్దారు గోపన్న నుంచి తత్త్వశాస్త్రం పేపరు దాకా

కంచెర్ల గోపన్న మీకు భక్త రామదాసుగా తెలుసు. ఈ పాఠంలో మాత్రం ఆయనను ఒక రెవెన్యూ ఉద్యోగిగా చూడండి. 17వ శతాబ్దం చివరి భాగంలో, అబుల్ హసన్ తానీషా గోల్కొండను పాలిస్తున్నప్పుడు, ఆయన పాల్వంచ పరగణా తహసీల్దారు. మేనమామలు అక్కన్న, మాదన్నల పలుకుబడితో ఆ కొలువు దొరికిందని, శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. భక్తుడిగా ఆయన చేసింది ఒప్పే కావచ్చు. ఖజానాకు జవాబుదారీ అయిన ఉద్యోగిగా కూడా ఒప్పేనా? మన ప్రాంతంలో ఈ మాట అడిగితే కొందరు నొచ్చుకుంటారు. సివిల్ సర్వీసుల పరీక్షలో తత్త్వశాస్త్రం మిమ్మల్ని నిలబెట్టేది ఇలాంటి చోటనే.

బంధుబలంతో కొలువులు దొరకడం గోల్కొండతో ఆగిపోలేదు. ఈస్టిండియా కంపెనీలో కూడా డైరెక్టర్లు తమకు కావలసినవారినే నియమించేవారు. 1853 చార్టర్ చట్టం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. 1854లో మెకాలే కమిటీ పోటీ పరీక్షకు విషయాల పట్టిక తయారు చేసింది. అందులో తర్కం, నీతి, రాజకీయ తత్త్వం కలిసిన విభాగానికి 500 మార్కులు, సంస్కృతానికి 375 మార్కులు సూచించింది. తొలి పరీక్ష 1855లో లండన్‌లో జరిగింది. అది మన దేశానికి రావడానికి 1922 దాకా ఆగవలసి వచ్చింది.

తరువాతి మార్పులను క్లుప్తంగా చూద్దాం. 1979లో ప్రిలిమినరీ వచ్చింది. 2011లో అందులోంచి ఐచ్ఛికాలు పోయాయి. 2013లో మెయిన్స్‌లో రెండు ఐచ్ఛికాలు ఒకటిగా తగ్గి, 250 మార్కుల నైతికత పేపరు చేరింది. నేటి ఐచ్ఛికానికి రెండు పేపర్లు కలిపి మళ్లీ 500 మార్కులే!

సిలబస్ చిన్నదని చాలామంది తత్త్వశాస్త్రాన్ని ఎంచుకుంటారు. అది చాలినంత కారణం కాదని నా అభిప్రాయం. రెండో పేపరులో న్యాయం, సమానత్వం, వ్యక్తికీ రాజ్యానికీ ఉన్న సంబంధం, అభివృద్ధి, భూమిపై స్త్రీల హక్కులు ఉన్నాయి. మీరు దుమ్ముగూడెం, చింతూరు వైపు వారైతే ఇవి మీ ఇంటి ముందరి విషయాలే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు తన భూమిని కూడా మరో గిరిజనేతరుడికి అమ్మరాదని 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ అంటుంది. ఇది స్వేచ్ఛకు అడ్డా, న్యాయానికి రక్షణా? 2014లో పోలవరం ముంపు కోసం కూనవరం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. డెల్టా రైతుకు నీరు, కోయ, కొండరెడ్డి కుటుంబాలకు నిర్వాసం: ఎక్కువమందికి మేలు జరిగితే చాలునా?

ఒక చిక్కు ఉంది. జవాబులు తెలుగులో రాయవచ్చు గాని, ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటుంది. అందుచేత ఐచ్ఛికం ఖాయం చేసుకునే ముందు, పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకొని, రెండో పేపరులోని మూడు ప్రశ్నలకు గడియారం పెట్టుకొని తెలుగులో జవాబులు రాసి చూడండి.